పట్టు

ఆదివారం డ్రిల్ మోగకూడదని మా బ్లాకులో నియమం.
అందుకని శనివారమే, పదింటికి,
పెట్టె చంకన పెట్టుకుని ఏడో అంతస్తుకి పోయాను.
లిఫ్టులో ఎవరో వేయించిన ఉల్లిపాయ వాసన.

తలుపు తీయడానికి జెల్మీరాకి నాలుగు నిమిషాలు పట్టింది.
తుంటి ఎముక మార్చి మూడు వారాలు.
మంచం నుంచి వంటగదికి తొమ్మిది అడుగులు,
ఆ తొమ్మిదింటికీ గోడ వెంట ఒక కడ్డీ కావాలి,
చెయ్యేసి నడవడానికి.

"అంటించేవి ఉన్నాయట కదా, జిగురుతో" అన్నాను.
"జిగురు పటాలకి.
నేను ఎనభై రెండు కిలోలు" అంది.

గోడ మీద పెన్సిల్ గుర్తులు అప్పటికే ఉన్నాయి.
మూడు బ్రాకెట్లు, ఆరు చుక్కలు,
మట్టం చూసి పెట్టినవి.
ఊతకర్ర మీద వాలి, ఒంటికాలి మీద
ఏ రాత్రి పెట్టిందో.

ఐదు మిల్లీమీటర్ల బిట్,
ఇంత లోతు చాలని దానికి చుట్టిన ఎర్ర టేపు.
మొదట తెల్ల రంగు రాలింది, దాని కింద గులాబీ,
దాని కింద, ఈ ఇంటి తాళం చేతికొచ్చిన ఏడు
ఆవిడ మొగుడు వేసిన ఆకుపచ్చ.
ఆ తర్వాత అంతా బూడిదే,
పిండిమర కింద చెయ్యి పెట్టినట్టు
సన్నగా, వెచ్చగా.

"ఊదు."
ఊదితే నా కళ్ళలోనే పడింది.
మనవడి ముక్కు చీమిడి లాగిన రబ్బరు బుడ్డి
సొరుగులోంచి తీసిచ్చింది.
"బెజ్జంలో పొడి ఉంటే మేకు పొడినే పట్టుకుంటుంది.
గోడని కాదు."

నీలం పూత మరమేకులు. తిప్పాను.
మోచేయి దాకా తెలుస్తుంది అది లోపలికి పోవడం,
తన గాడి తనే కోసుకుంటూ.
"ఆపు!"
ఇంకో అరచుట్టు ఉంది కదా అనుకున్నాను.
మనుషుల మధ్య పట్టూ విడుపూ ఉండాలంటారు,
కాంక్రీటుకి విడుపు తెలీదు.
అతిగా బిగిస్తే గాడి నుగ్గైపోతుంది,
ఆపైన ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంటుంది
మాట మీద నిలవని మనిషిలా.

మూడో బెజ్జం దగ్గర బిట్ కీచుమంది.
కాలిన వాసన.
"చువ్వ" అంది, టీ గ్లాసులోంచి తలెత్తకుండా.
"బ్రాకెట్టు రెండు వేళ్ళు ఎడమకి జరుపు."

అప్పుడు గుర్తొచ్చింది, మా నాన్న చెప్పేవాడు.
డెబ్బై ఎనిమిదిలో పెట్రజాల్కాలో ఈ వరసంతా
ఒక ఆడమనిషి ఎత్తిందని.
క్రేను కొసన గాజు గదిలో కూర్చుని,
డాన్యూబ్ మీంచి గాలి తోస్తుంటే,
కిటికీ ఖాళీలతో సహా గోడలు ఆకాశంలో తిరుగుతుంటే.
కింద యోజో అనే ఆయన చెయ్యెత్తేవాడట.
ఆ చెయ్యి దిగితేనే గోడ దిగడం.

"అయితే ఈ గోడ కూడా మీరే..."
"రోజుకి పన్నెండు. ఏది ఏదో ఎవడికి గుర్తు?
తిన్న బంగాళాదుంపలు నీకు గుర్తుంటాయా?"
అని, కాసేపాగి,
"వర్షం పడితే యోజో చెయ్యి కనపడేది కాదు" అంది.

ఆరు మేకులూ పడ్డాయి.
తప్పుడు బెజ్జం పూడ్చడానికి పుట్టీ తీస్తే వద్దంది.
"గోడకి చెవులు ఎలాగూ ఉన్నాయి,
పోనీ, ఒక కన్నూ ఉండనీ."
కన్నానికీ కంటికీ తేడా ఎంత అని నవ్వింది,
తుంటి పట్టేసి ఆగింది.

కడ్డీకి నేను వేలాడి చూపించాను. నమ్మలేదు.
"నీ బరువు నీది."
ఊతకర్ర గోడకి చేరేసి,
రెండు చేతులా కడ్డీ పట్టుకుని
మెల్లగా వెనక్కి వాలింది.
ఇంకా వాలింది.
మోచేతులు చాపి, కళ్ళు మూసుకుని,
ఎనభై రెండు కిలోలూ గోడకి ఇచ్చేసింది.
మేకు కదల్లేదు. గోడ కిక్కురుమనలేదు.
కింద ఎవరి ఇంట్లోనో రేడియో.

పడితే పట్టుకుందామని
నా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

ఆవిడ కళ్ళు తెరిచి దాన్నే చూసింది,
చాలాసేపు.

"ఇక దించు, వవ్రినెట్స్" అంది.