యారాడలో తెల్ల దుప్పటి

యారాడ సరుగుడు తోటలో
రెండు చెట్ల మధ్య తెల్ల దుప్పటి కట్టి
పాదరసపు బల్బు వెలిగించాను.
జనరేటర్ దగ్గుతోంది. అవతల సముద్రం, కనబడదు.

ఎనిమిదిన్నరకి మొదటిది వచ్చి వాలింది.
బెరడు ముక్కకి ప్రాణం వచ్చినట్టు
ఎండిన నెత్తురు రంగు, రెక్క మీద ఒక వెండి గీత.
తొమ్మిదింపావుకి రెండోది.
అదే బెరడు. అదే గీత.

"రెండూ ఒకటే గదమ్మా" అన్నాడు సూరాడ ఎల్లాజీ,
తోట కాపలాదారు, మోకాలు పోయాక వల వదిలినవాడు.

కాదు. గీత చివర చూడు.
దీనికి అంచు చేరేముందు మోచెయ్యిలా మడత,
దానికి తిన్నగా పోతుంది.
లేక రెక్క అరిగి అలా కనబడుతోందా?
లెన్సు మీద నా ఊపిరే మంచు కడుతోంది.

మడత గీతది పైన్ ఆకు తింటుందని పుస్తకం.
పైన్ చెట్లు అరకులో ఉన్నాయి,
ఘాటెక్కి నూరు కిలోమీటర్లు.
ఇక్కడున్నది సరుగుడు.
సూదుల్లాంటివి సూదులు కావు, ఆకులూ కావు,
గణుపులు గణుపులుగా సన్నని కొమ్మలు.
కాయ కూడా పైన్ కాయ వేషమే, గోలీ అంత.
చీకట్లో ఇంత దూరం ఎగిరొచ్చి
ఇది కూడా నాలాగే
ఆకారం చూసి పేరు పెట్టేసిందా?

ఖాయంగా తెలియాలంటే ఒకటే దారి:
సీసాలో వేసి, చచ్చాక పొట్ట కొస కోసి
కాస్టిక్ నీళ్ళలో నానబెట్టి
లోపలి కొక్కెం ఎటు వంగిందో చూడాలి.
సీసా సంచిలోనే ఉంది.
మూత వదులు చేశాను కూడా.

"నూనె కవళ్ళేవో ముళ్ళ కవళ్ళేవో
నాను సీకట్లో సేత్తోనే సెప్పీసీవోడ్ని" అన్నాడు ఎల్లాజీ.
"సచ్చినవి గాదు. గింజుకుంతన్నప్పుడు."

తర్వాత సరుగుడు పుల్ల ఒకటి తుంచి
ఒక గణుపు దగ్గర ఊడదీసి, మళ్ళీ దాంట్లోనే దూర్చి
నా ముఖం ముందు పెట్టాడు.
"ఎక్కడ ఇరిసేనో సెప్పు."

లెన్సు పెట్టాను. దీపం దగ్గరికి పట్టుకెళ్ళాను.
రెండుసార్లు తప్పు చెప్పాను.
మూడోసారి చెప్పబోతుంటే
గాలికి దుప్పటి ఒక్కసారి ఎగిరి పడింది.

ఇప్పుడు గుడ్డ మీద ఒకటే ఉంది.
ఏది?
వంగి చూసేసరికి రెక్కలు ముడిచింది.

నోటుబుక్కులో తేదీ రాశాను,
గాలి సముద్రం మీంచి అని రాశాను.
పేరు గడి దగ్గర పెన్ను ఆగింది.
ఎల్లాజీ ఇంకా ఆ పుల్ల పట్టుకునే నవ్వుతున్నాడు,
ఎక్కడో
చెప్పలేదు.