మూడు గీతలు

నోరు జారితే వెనక్కి తీసుకోలేమంటారు.
నాకు వేలు జారింది.
ఒకటికి బదులు ఏడు నొక్కాను.
"అత్తా, వచ్చేటప్పుడు రెండు కిలోల బియ్యం" అన్న కబురు
ఇలోయిలోలో మా వీధి చివరికి వెళ్ళాల్సింది
సముద్రం దాటి సురిగావ్‌లో దిగింది.
"తెస్తా గానీ పడవ చార్జీ ఎవరిస్తారు?"
అని జవాబు.
కింద పేరు: దివినా. పద్నాలుగేళ్ళు. లెక్కల్లో సున్నా.

మెసేజుకి ఒక పెసో.
నూట అరవై అక్షరాలు దాటితే రెండో పెసో.
అందుకని కొమ్ములు విరిచాం, దీర్ఘాలు కోశాం,
ఒత్తులన్నీ ఊడబెరికాం,
పళ్ళు రాలిన మాటలతోనే నవ్వుకున్నాం.
తన ఇంట్లో మాట నాకు రాదు,
మా ఇంట్లోది తనకి రాదు,
ఇద్దరం బళ్ళో నేర్చిన తగాలోగ్‌లో,
సగం తప్పులతో.

పరీక్షకి ముందు రాత్రి "ఎక్స్ ఎంత?" అంది.
"ఏ ఎక్స్?"
"ఏదైనా సరే."
"నాలుగు" అన్నాను.
అన్నిటికీ నాలుగే వేసిందట. రెండు ఒప్పయ్యాయి.

వాళ్ళ నాన్న పడవ ఇంజన్లు బాగుచేస్తాడు,
ఆయన చొక్కా నానబెడితే
బకెట్లో ఇంద్రధనుస్సు తేలుతుందట.
తన ఎడమ చెవి సరిగా వినపడదని చెప్పడానికి మాత్రం
ఏడు నెలలు పట్టింది.
"అందుకే నాతో మాట్లాడకు. రాయి."

మా అన్న వదిలేసిన ఫోన్లో
ఇరవై మెసేజులే పడతాయి.
కొత్తది రావాలంటే పాతది చావాలి.
తెర మీద కవరు బొమ్మ మిణుకుమిణుకుమంటుంటే
దోమతెరలో కూర్చుని, ఏది చెరపాలో తేలక
భూగోళం నోటుబుక్కులో ఒక్కొక్కటే ఎక్కించేదాన్ని
తేదీ వేసి, టైము వేసి,
"తిన్నావా"ని కూడా. ఉత్త "మ్"ని కూడా.
అగ్నిపర్వతాల రకాలు ఒకవైపు,
కాగితం తిప్పితే దివినా.

బాలెన్స్ అయిపోతే మిస్డ్ కాల్.
ఒక రింగు: మెలకువగా ఉన్నా.
రెండు: డబ్బుల్లేవు, అలిగాననుకోకు.
అంతే మా ఒప్పందం.

సెప్టెంబరులో తొమ్మిది రోజులు ఏమీ లేదు.
నేను పంపినవి చేరాయో లేదో తెలీదు.
తియా నెలీ కొట్లో అప్పు పెట్టి
రెండు పెసోలు తన నంబరుకి దాటించాను.
అవీ పలకలేదు.

పదో రాత్రి మోగింది.
ఒకటికే ఆగుతుందనుకున్నాను.
రెండు.
మూడు.
ఆగింది.

మూడుకి మేమెప్పుడూ అర్థం పెట్టుకోలేదు.
పడవా? ఇంజనా? నాన్నా?
అడగడానికి నా దగ్గర ఒక పెసో ఉంది,
నూట అరవై అక్షరాలున్నాయి.
వేలు బటన్లన్నిటి మీదా తిరిగి
ఊరికే వచ్చేసింది.
నేనూ మూడు మోగించి పెట్టేశాను.

నోటుబుక్కులో తేదీ వేశాను. టైము వేశాను.
ఎదురుగా మూడు నిలువు గీతలు.
కాస్త ఆగి, పక్కనే
మరో మూడు.