పదకొండో చుక్క

నిమ్మా కాదు, నారింజా కాదు.
బెర్గమాట్ అంటారు దాన్ని.
కలాబ్రియా కొసన, ఉప్పుగాలి తగిలే ఆ తోటల్లో తప్ప
మరెక్కడా మనసిచ్చి కాయదట.
నీ వేళ్ల వల్లే తెలిసింది నాకు.
కళ్లకు గంతలు కట్టినవాళ్లకు
ఊళ్లకు పేర్లుండవు, వాసనలుంటాయి.

పైన, తొక్కల్లోంచి నూనె పిండే గానుగ.
కింద, నేను.
కాలికి గొలుసు, ఇరవై మూడు లంకెలు.
బకెట్ దాకా పద్దెనిమిది సరిపోతాయి.
కిటికీ దాకా ఇరవై అయిదు కావాలి.

పావియాలో నా భర్త బేరమాడుతున్నాడని
నీ మనుషులు నవ్వుతూ చెప్పారు.
అడిగినదాంట్లో సగం, ఆ సగంలో సగం.
కూరగాయల కొట్టు దగ్గర కూడా
అంత ఓపిక ఎన్నడూ చూడలేదు ఆయనలో.

నలభయ్యో రాత్రి నువ్వు మెట్ల మీద కూలబడ్డావు.
"దెమెత్రియో!" అని ఎవరో అరిచారు.
అలా తెలిసింది నీ పేరు.
పేరు తెలిసిన బందీ ఇల్లు చేరదని
తెలిసి కూడా నీ మణికట్టు పట్టుకున్నాను.
ఒకటి. రెండు. మూడోది రాలేదు. నాలుగు.
నువ్వు దగ్గితే ముప్పైమంది లేచి నిలబడతారు,
గుండె ఒక్కటే నీ మాట వినడం లేదు.

"డిజిటాలిస్," అన్నాను. "పూటకు పది చుక్కలు.
పదకొండుకి ఏమీ కాదు.
ఏమైనా అయ్యే చోటికి
దారి మాత్రం పదకొండు మీదుగానే."
మందులషాపు బల్ల వెనక నిలబడ్డ గొంతుతో అన్నాను,
కాలికేముందో మరచిపోయి.

ఆ తరువాత రోజూ వచ్చావు.
సొంత తమ్ముడి చేత్తో మంచినీళ్లు తాగనివాడివి
నా ముందు నోరు తెరిచేవాడివి.
లాంతరు వెలుగులో నీ నాలుక, అరిగిన పళ్లు,
గోళ్ల కింద పచ్చటి తొక్క.
ఏ రాత్రి "మీరు" కాస్తా "నువ్వు" అయిందో గుర్తులేదు.
ముందు నా నోటే వచ్చిందని గుర్తుంది.
అందుకు నన్ను నేనింకా క్షమించలేదు.

ప్రేమ అంటావా?
ఒకరోజు కమ్మరిని పిలిపించావు.
తాళం తీయించడానికి కాదు,
గొలుసుకు రెండు లంకెలు కలపడానికి.
కిటికీ దాకా నడిచాను.
సముద్రం. బూడిదరంగు. ఒక పడవ.
సిగ్గులేకుండా ఏడ్చాను, సంతోషంతో.
ఆ రెండు లంకెలకు ఏ పేరు పెడతావో
అదే పెట్టుకో దీనికి.

కిటికీ పక్కన గోడ మీద గీతలున్నాయి,
నాకన్నా ముందున్నవాడివి.
నూట పన్నెండు. ఆ పైన ఖాళీ సున్నం.
"ఎక్కడికెళ్లాడు?" అన్నాను.
"వెళ్లాడు," అన్నావు, లాంతరు వత్తి సరిచేస్తూ.

ఆ రాత్రి ఎనిమిది, తొమ్మిది, పది.
నా వేలు ఆగలేదు.
పదకొండు.
నువ్వూ లెక్కపెడుతున్నావు, పెదాలు కదిలాయి.
నోరు మూయలేదు.
కళ్లు మూశావు.

చెంచా నేల మీద ఒంపేశాను.
మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.
ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

వారం తిరక్కుండా, వాన పడుతుంటే, ఒక మలుపు దగ్గర వదిలేశారు.
డబ్బు ముట్టిందన్నారు.
నా భర్త పంపిన లెక్కకు
వాళ్లు చెప్పిన లెక్కకు
పొంతన కుదరలేదు ఇప్పటికీ.

ఆరేళ్లకు కోర్టులో, ఇనుప బోను.
కమ్ముల అవతల నువ్వు, నెరిసిన తలతో,
ఇవతల నేను, కాలికి కొత్త చెప్పులతో.
"సాక్షి ఒర్తెన్సియా, చూసి చెప్పండి.
వీడేనా?"

"ఈయనే," అన్నాను.
వీడే, అనలేకపోయాను.
తేడా ఎవరూ రాసుకోలేదు.
నువ్వు విన్నావు.

బయటికొస్తూ కాపలావాణ్ణి అడిగాను,
పూటకు ఎన్ని చుక్కలిస్తున్నారని.
"ఎవరిస్తారమ్మా," అన్నాడు,
"ఎవరి చేతా తాగడు."

మెట్లు దిగాను, లెక్కపెడుతూ, అలవాటు కొద్దీ.
ఇరవై అయిదు దగ్గర కాలు ఆగిపోయింది.
ఇంకా మెట్లున్నాయి.