తాడు జరిపే పొద్దు

నలభై సెంట్లు.
దాంట్లో మూడు సెంట్లు బండరాయి తినింది,
రెండు సెంట్లు తుమ్మచెట్టు నీడ తినింది.
మిగిలింది గవ్వకూ దివానుకూ.

ఎర్రగుంట్ల టేషను కాడ జట్కాలు ఆగిపోయినాక
బండిని పాతినుముకేసి
తట్టుల్ని మాత్రం అమ్మని మొండిదాన్ని,
మాబున్నిని.
కొట్టం లేదు వాటికి.
వానయినా చలయినా ఆ చేన్లోనే నిలబడతాయి,
గాలికి తోకలు తిప్పి.

చుట్టూ నాపబండలు పాతించినా, రొమ్మెత్తు.
దివాను వీపు గీరుకుని గీరుకుని
ఒక బండను వంచినాడు,
అది ఇప్పుడు నమాజులో వంగినట్టుంటాది,
మళ్లీ లేవదు.

లోపల తాళ్లు కట్టి ఐదు మళ్లు చేసినా.
ఒకటి మేస్తాంటే నాలుగు కోలుకుంటాయి.
కసువు పిడికిలెత్తుకు దిగినప్పుడే
తట్టుల్ని పక్క మడికి తోలాల.
వేరుదాకా మేసిన నేల
గొరిగిన తల కాదు, నెలకు మళ్లా మొలవనీకి.

లద్ది పొద్దున్నే ఎత్తాల, ఆవిరి పోకముందే.
ఎత్తకుంటే దాని చుట్టూ కసువు
మోకాలెత్తు పెరిగినా మూతి పెట్టవు.
మనుషుల కంటే శుచి ఎక్కువ వీటికి,
బస్టాండు వెనక గోడ చూసినాకే
ఈ మాట అంటాండా.

తట్టులు ఇడిసిన మడిలో
గిడ్డయ్య గొర్రెలు పదకొండు దిగుతాయి.
తట్టుకు పట్టే పురుగు గొర్రె కడుపులో బతకదంట,
పశువుల డాక్టరు చెప్పినాడు.
గిడ్డయ్య బాడుగ ఇయ్యడు.
అడిగితే, "గొర్రెలనే అడుగు" అంటాడు.

వయ్యారిభామను పూత రాకముందే పీకాల.
ఫ్యాక్టరీ గాలి ఇటు మళ్లిన దినం
కసువు మీద బూడిదరంగు పొడి.
రెండు బిందెలు చల్లి కడిగితే
మా వదిన ఖాశింబీ వారం దినాలు నవ్వె.

ఎండాకాలం ఈ లెక్కలన్నీ ఉత్తవే.
తాడుకు ఇటూ మన్నే, అటూ మన్నే.
మెరవణికి గవ్వను పంపితే వచ్చిన దుడ్డు
మూడు మోపుల బుడ్డకట్టెకు సరి.
జూలులో కాగితం పూలు ఉండంగానే
నమలడం మొదలుపెడతాది.
అప్పుడు నన్ను చూసి అందరికీ జాలి.

తిట్లు వచ్చేది వాన పడినాక.

మూడు రాత్రులు కురిసింది ఈతూరి.
ఐదోనాటికి బండరాయి సందుల్లో కూడా పచ్చన.
తట్టులు రెండూ తాడు కాడ నిలబడి
కసువును చూసి, నన్ను చూసి.
నేను బోడి మడిలో
ఎండుచొప్ప ఇదిలిస్తాండా.
దోవన పోయే లచ్చుమక్క ఆగి,
"దేవుడిచ్చినాక నీకేం పోయేకాలమే,
నోరులేని జీవాల కడుపు మాడుస్తాండావు" అనె.

ఆయమ్మకు మాణిక్యం సంగతి చెప్పలేదు.
మా నాయన తట్టు అది.
రెండేండ్ల కరువులో
పక్కటెముకలు లెక్కపెట్టుకోనిచ్చి బతికింది.
వాన పడినాక, చేను పచ్చబడిన రాత్రి
నాయన సంతోషం పట్టలేక పలుపు ఇప్పినాడు,
"తినవే తల్లీ, కడుపార తిను."

తెల్లారి చూస్తే
ముందుకాళ్లు చాపి, బరువంతా వెనక్కి తోసి,
నిప్పుల మీద నిలబడినట్టు.
డెక్క ముట్టుకుంటే రొట్టెపెనం.
కరువుకు కూలని జీవం
లేతకసువుకు కూలింది.
నాయన ఆ తర్వాత ఎవురికీ
కడుపార తినమని చెప్పలేదు,
నా పెండ్లి బంతిలో కూడా.

అందుకే తాడు దినానికి ఒక్క అడుగు.
నా అడుగు, దివానుది కాదు.
ఎండెక్కితే కసువులో తీపి ఎక్కుతాది,
అంతకుముందే మేపి వెనక్కి తోలాల.
ముందు డెక్కలన్నీ అరచేత్తో చూస్తా.
చల్లగా, నాపబండ మాదిరి ఉంటే
గూటం పీకి, జరిపి, కొడతా.

ఈ పొద్దు గూటం దిగేలోపల
గవ్వ తాడు కింద మెడ దూర్చి
అవతలి పోచలు నాలుగు కొరికింది.
నేను వంగి సుత్తి వెతుకుతాండా.
సుత్తి నా చేతిలోనే ఉంది.