రొంటి కత్తి

చిన్నబజారులో మూడో అంగడి.
"కూరగాయలకా అమ్మా?" అని గౌస్ బాషా
పచ్చ పిడి పీలరు తీసి ముందర పెట్టాడు.
కాదు.
"కొబ్బరికా?"
కాదు సాయిబూ, మడత చాకు.
దినామూ ఒంటిమీద ఉండేది.
ఆయన నా మొహం చూశాడు, చేతులు చూశాడు,
నిచ్చెనేసుకోని పై అరలోంచి
అట్టపెట్టె దించాడు.

పాతది పోయింది. పారేసుకోలా, పోయింది.
కూలి బకాయి అర్జీ పట్టుకోని
కలెక్టరాఫీసుకు పోతే
గేటుకాడ వాళ్ళ యంత్రం నా నడుం దగ్గర కీచుమంది.
ఖాకీ బట్టల పిల్ల, నా కూతురి ఈడుది,
ప్లాస్టిక్ ట్రేలో పెట్టమంది.
తిరిగొచ్చేసరికి ట్రేలో ఎవరిదో దువ్వెన.

పందొమ్మిదేండ్ల కత్తి.
సానరాయి తినీ తినీ
అలుగు వేపాకంత సన్నబడిండాది.
దాంతో ఎన్ని కండ్లు కోశానో లెక్కలేదు.
కండ్లంటే మొగ్గకండ్లు,
బాలాజీ నిమ్మవి, సాతుగుడి బత్తాయివి.
ఆ పిల్లకు చెప్దామని నోరు తెరిచి,
కండ్లు కోసే మనిషి అని రాసుకుంటుందేమోనని
గమ్మునున్నా.

పెట్టెలో పదకొండు ఉండాయి.
ఒకదాని కడుపులో కత్తెర, సీసా మూత తీసేది,
చెవిలో గుబిలి తీసేది కూడా.
అన్ని పనులూ వచ్చినోడు మా నర్సరీకి వచ్చాడొకసారి,
మూడోనాడు మధ్యాహ్నానికి లేడు.
ఇంకోటి మీట నొక్కితే టపీమని లేస్తది.
వంగినప్పుడు నడుములో అట్టా లేస్తే నా గతేంది?
ఇంకోటి రోజ్‌వుడ్ పిడి, ఇత్తడి కాపులు,
చేతిలోంచి దించబుద్ధి కాలా.
తెరవాలంటే మాత్రం అలుగు మీద గాడిలో గోరు దిగాల.
అంటు పట్టీలు చించీ చించీ
నాకు గోళ్ళెక్కడివి?

జేబుకత్తి అంటారు.
పెంచలయ్య చొక్కాజేబులో పడేసుకుంటాడు, సరిపోయింది.
నాకు జేబేది?
రొంటిన, లంగా బొందుకూ చర్మానికీ నడుమ
దాని కాపరం.
చెమటకు తుప్పు పట్టకూడదు.
గుంజీళ్ళు తీసినట్టు మొక్కమొక్కకీ లేచి కూర్చుంటా గదా,
గుచ్చుకోకూడదు.
ఉన్నట్టు నాకే తెలియకూడదు.
బస్సులో ఎవడన్నా ఆనుకుంటే
వాడికి మాత్రం తెలియాల.

తడిగుడ్డలో చుట్టి తెచ్చిన నిమ్మరెమ్మ
గల్లాపెట్టె మీద పెట్టా.
"ఇది అంగడమ్మా, తోట గాదు" అన్నాడు,
అంటూనే బిల్లుబుక్కు పక్కకు జరిపాడు.

నాది ఎడంచెయ్యి.
ఒకపక్కే వాదర తీసినవి కుడిచేతోళ్ళ సొత్తు,
నా చేతిలో పక్కకు పరిగెత్తి కన్ను చెడగొడతాయి.
అట్టా నాలుగు పోయినాయి.
ఏడోది నల్ల పిడిది, చూపుకేం లేదు,
అలుగులో బొటనవేలు ఆనేంత బెజ్జం.
అడ్డంగా ఓ గీత, నిలువుగా ఓ గీత.
వీపుతో ఎత్తితే బెరడు
నిద్రపోయే బిడ్డ మీది దుప్పటి మాదిరి లేచింది,
చిరగలా.
అంగడంతా నిమ్మవాసన.
సుత్తి కొనను వచ్చినాయన ఇటు తిరిగాడు.

నాలుగొందలన్నాడు. మూడొందల నలభైకి దిగాడు.
చేతికియ్యలా, బల్లమీద పెట్టాడు.
ఇనుము చేతికిస్తే తగువంట.
తీసుకున్నా. చల్లగా ఉండాది,
కొత్త కోడలు మాదిరి రొంటిన బిర్రుగా కూర్చుంది.

పొదలకూరు బస్సులో పక్క సీటు పిల్లోడు
ఒకటే ఏడుపు.
మొలతాడు తడిసి బిగుసుకుపోయింది,
తల్లి పళ్ళతో ముడి కొరకతా ఉంది.
కత్తి తీసి మా ఇద్దరి మధ్య సీటు మీద పెట్టా.
"నాకు భయం, నువ్వే కొయ్యక్కా" అంది.
వేలు అడ్డం పెట్టి,
వాదర నా వైపు తిప్పుకోని
పైకి లాగా.

నాలుగు నల్ల నూలుపోగులు.
నేనేమో మొదటి కోత
ఏ బాలాజీ కన్నో అనుకున్నా.
వాడు ఏడుపాపి
నడుం చుట్టూ ఎర్రచార తడుముకుంటా
నా రొంటి వైపు చూశాడు.
మడవబోతే సగంలో మొరాయించింది.
కొత్తది గదా.