మూడు మీటర్లు

మొదట్లో వెన్నెల రోజుల్లో మాకు పని లేదు.
గామా కిరణం ఆకాశం కప్పుకి తగిలి చిట్లితే
రెప్పపాటులో కోటోవంతు నిలిచే నీలి మెరుపు,
దాన్ని పట్టే అద్దాలు ఇవి.
చందమామ వస్తే ఆ మెరుపు
పాలల్లో పడిన సున్నపు చుక్క.
గుడ్డలు కప్పేసి
పలమనేరు పోయి సెకండ్ షో చూసొచ్చేవాళ్ళం.

వకుళ వచ్చినాక ఆ సెలవులు పోయినాయి.
"ఇంత పెద్ద అద్దాల్ని నిద్రపుచ్చుతారా?
వేడి చుక్కలుండాయి కదా, నీలంగా కాలేవి,
వాటికి వెన్నెల అడ్డం కాదు" అనింది.
నన్ను కేబులు వెయ్యమనింది.

అద్దానికీ అద్దానికీ నూటపది మీటర్లు,
కౌండిన్య అడివిలోంచి ఏనుగులు దిగే దారికి అడ్డంగా.
లోతుగా తవ్వినాను. మీద బండలు పరిచినాను.

రెండద్దాల వెలుగునీ ఒకచోటికి తేరంట.
దేని వణుకు దాని దగ్గరే రాసి
తెల్లారి రెండు లెక్కలూ పక్కపక్కన పెడతారంట.
నాకు పుంగనూరు సంత గుర్తొచ్చింది:
తువాలు కింద రెండు చేతులు,
నోట మాట లేదు,
వేళ్ళకి మాత్రం ఎద్దు ధర తెలిసిపోతుంది.
అద్దాలు దగ్గరుంటే వణుకులు కలుస్తాయి.
జరిగేకొద్దీ విడిపోతాయి.
ఎంత దూరాన విడిపోతాయో
దాంట్లో ఉంటుంది చుక్క వెడల్పు.

పుష్యమాసం.
గొర్రుకొయ్యల్లో నడిమిదానికి గురిపెట్టినాం.
మూడు రాత్రులు. లెక్కంతా చదునే.
వకుళ టీ తాగడం మానేసింది.

నాలుగోనాడు అడిగింది:
"చెంగల్రాయా, మూడు మీటర్లు ఎక్కడ దాచినావు?"

తలుపు వెనక చుట్ట చుట్టి పెట్టినాను, నిజమే.
ఇరవై ఏళ్ళ హౌస్ వైరింగ్ అలవాటు,
రేపు తెగితే అతుక్కి పనికొస్తుందని.
ఆ చుట్టలో తిరిగొచ్చేసరికి
ఒక వైపు వెలుగు పదిహేను నానోసెకన్లు ఆలస్యం.
మేం వెతికిన చోటికి పక్కనే ఉండాది,
చీమల పుట్టంత మిట్ట.

వెడల్పు తేలింది.
పలమనేరు బండ మీద శెనక్కాయ పప్పొకటి పెట్టి
కాశ్మీరులో నిలబడి చూస్తే ఎంతో
అంత.

చెరుకు కాపలా గుర్రప్ప మంచె మీంచి కేకేసినాడు,
"ఏం దొరికిందబ్బా?"
"గొర్రు నడిమి కొయ్య మందం!"
టార్చి ఒకసారి పైకేసి ఆర్పినాడు.
"మాది పోయిన కార్తెలో ఇరిగింది" అన్నాడు,
"కొలతుంటే చెప్పు, చేయించుకుంటా."

కోసిన మూడు మీటర్లూ
ఇంకా నా సంచిలోనే ఉండాయి.