రెండు వైపులా తియ్యాలా?

మద్దిలపాలెంలో నాదొక జిరాక్సు కొట్టు.
ఆరడుగుల వెడల్పు, ఒక ట్యూబులైటు,
ఎండాకాలంలో మొరాయించే మిషను.
పేజీ రూపాయి. రెండు వైపులా అయితే రూపాయిన్నర.
పరీక్షల ముందు రాత్రి
ఈ ఊళ్లో నాకంటే ఎక్కువ చదివినవాడు లేడు.
థర్మోడైనమిక్సు, కాంట్రాక్టు చట్టం, శిశు మనస్తత్వం,
అన్నీ నా చేతుల మీంచే వెచ్చవెచ్చగా వెళ్తాయి.
మసి తప్ప ఒక్క ముక్కా అంటుకోదు.

నేనూ ఎమ్మే చేశాను, ఎకనామిక్సు.
ఆ కాగితం కంచరపాలెంలో ట్రంకుపెట్టె అడుగున ఉంది.
ఈ మిషను కొన్నప్పుడు
బ్యాంకు మేనేజరు అడిగింది దాన్ని కాదు,
మా బావమరిది సంతకం.

నిన్న మధ్యాహ్నం నూకరత్నం వచ్చింది.
గంప గట్టు మీద దించి
కుక్కని ఒక్క చూపుతో దూరం పెట్టి
ప్లాస్టిక్ కవరు విప్పింది.
నాలుగేళ్ల రసీదులు.
ఒకదాని మీద పొలుసు అతుక్కుని మెరుస్తోంది.

"కూడు బావూ."

పాడైన థీసిస్ కాగితం తిరగేసి మొదలెట్టాను.
ట్యూషన్ ఫీజు, సర్కారు ఇస్తానన్నది, సగం రానిది.
స్పెషల్ ఫీజు. ఏటి స్పెషలో
ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.
పెదజాలరిపేట నుంచి కొమ్మాది దాటి అంత దూరానికి బస్సు.
ల్యాబులో పగిలిన గాజుగొట్టం, నూటనలభై.
ఎవరూ వెళ్లని ఇండస్ట్రియల్ టూరు, పన్నెండు వందలు.

రసీదులు లేనివి నోటితో చెప్పింది.
వేట ఆపేసిన రెండు నెలల్లో తెచ్చిన నూటికి ఐదు వడ్డీ.
కమ్మలు.
పడవలో వాటా.
ఇప్పుడు ఎల్లాజీ అదే పడవలో కూలికెళ్తున్నాడు.
"సిన్నోడు పదితో మానీసి ఐసు మోస్తన్నాడు.
అదెంతకి రాస్తావో రాయి."

పెన్ను ఆగింది.
దీనికి ఎకనామిక్సులో ఒక పేరుంది.
పది మార్కుల ప్రశ్న, పేజీన్నర రాశాను అప్పట్లో.
నోటికి రాలేదు.

"ఐదు లక్షల పద్దెనిమిది వేలు" అన్నాను.
"సిల్లరెందుకు ఒగ్గీసినావు?"

హారిక ఒరిజినల్సు కాలేజీ బీరువాలో ఉన్నాయి,
బాకీ తీరేదాకా.
చేతిలో ఉన్నది జిరాక్సుకి జిరాక్సుకి జిరాక్సు.
గుండ్రటి సీలు కాస్తా నల్లమచ్చయిపోయింది.
"మరి వచ్చిందేటి?" అన్నాను.
అడగకుండా ఉండాల్సింది.

నూకరత్నానికి కోపం రాలేదు.
"ఓరోజు హార్బరుకి నా కూడా వొచ్చింది.
ఖాళీ బుట్ట మళ్లీ తూయించి
కిలోన్నర తేడా ఉందని
నలుగురిలో షావుకారి మొహాన అనీసింది.
పదేళ్లుగా ఉందట. మాకెవులికీ తెలీలేదు."

పక్కన కొత్త గీత గీసి
జమ అని రాయబోయాను.

"ఆగు. ఆ మర్నాటి నుంచి
మా ఆరుగురి సరుకూ ఆడు ముట్టలేదు.
మూడు నెలలు ఈదులెంట తిరిగి అమ్ముకున్నాం.
అదీ కర్సులోనే రాయి."

రాశాను.

గంప ఎత్తుకోబోతూ మళ్లీ తనే:
"ఇప్పుడు రేవులో ప్రతి ఒక్కత్తీ
ముందు ఖాళీ బుట్ట తూయిస్తంది.
మా అత్త కూడాను. ఏలిముద్ర మనిషి."

అది ఏ వైపు రాయాలో చెప్పలేదు.
నేనూ అడగలేదు.

లెక్క కాగితానికి ఒక కాపీ కావాలంది,
మొగుడికి చూపించడానికి.
అద్దం మీద బోర్లా పెట్టాను.
వెనక థీసిస్ పేజీ పైకి తేలింది.
పట్టిక నాలుగు: తీరప్రాంత మత్స్యకార కుటుంబాల సగటు ఆదాయం.

"రెండు వైపులా తియ్యాలా?" అలవాటుగా అడిగాను.
"ఎనకాలేటుంది?"
"మీ గురించే. సగటు."
ఆమె కాసేపు ఆ అంకెల వంక చూసింది.
"ఓ వైపు సాల్లే" అని
తడి రూపాయి బిళ్ల అద్దం మీద పెట్టింది.